90 సెకన్ల సన్నాయి

ప్రశ్న: మాది ఆచంట దగ్గర పల్లె. నాన్న డోలు, మేనమామ సన్నాయి. నేను పెళ్ళిళ్ళలో కీబోర్డు వాయిస్తాను, ఇంట్లో కంప్యూటర్ మీద సొంతంగా ట్రాకులు కడతాను. ఒలింపిక్స్‌లో జిమ్నాస్టిక్స్, మంచు మీద స్కేటింగ్ చూసినప్పటి నుంచి ఒకటే కోరిక: నా సంగీతానికి ఓ మేటి క్రీడాకారిణి ఆడుతుంటే వినాలి. ఏడు ట్రాకులు సిద్ధంగా ఉన్నాయి, ఒక్కోటి నాలుగైదు నిమిషాలు. ఒకటి మాత్రం పాత సినిమా పాటకు నేను చేసుకున్న వాద్య రూపం. నాలుగు క్రీడా సమాఖ్యలకు మెయిలు పెట్టాను, ఒక్కరూ పలకలేదు. ఎవరికి పంపాలి? ట్రాకుల్లో ఏం మార్చాలి? డబ్బులేమైనా వస్తాయా?

జవాబు: పలకకపోవడానికి మీ సంగీతం కారణం కాదు, చిరునామా కారణం. ఎవరు దేనికి ఆడాలో సమాఖ్యలు నిర్ణయించవు. సంగీతం ఎంచేది కొరియోగ్రాఫర్, కోచ్, ఆడే మనిషి, చిన్నపిల్లలైతే వాళ్ళ అమ్మానాన్నలు. సమాఖ్య ఆఫీసులో మీ మెయిలు తెరిచిన గుమస్తా దాన్ని ఎవరికి పంపాలో తెలియక వదిలేసి ఉంటాడు.

రెండో సంగతి కాస్త కటువుగా ఉంటుంది. వాళ్ళు పూర్తయిన పాట కోసం వెతకరు, ఆటకు సరిపడే కొలత కోసం వెతుకుతారు. నాలుగున్నర నిమిషాల ట్రాకు ఎంత బాగున్నా దాన్ని 90 సెకన్లకు కోసే పని వాళ్ళ నెత్తిన పడుతుంది. కోసిన చోట మీ గమకం తెగుతుంది, మీకూ నచ్చదు. కాబట్టి ఆ ఏడింటినీ పక్కన పెట్టండి. వాటిలోని పల్లవులు పనికొస్తాయి, ట్రాకులు పనికిరావు. సినిమా పాట రూపాన్ని అయితే ఎవరికీ పంపనే వద్దు. ఎందుకో కిందికి వెళ్ళాక చెబుతాం.

ముందు ఏ ఆటకు ఎంత నిడివో చూడండి. మహిళల ఆర్టిస్టిక్ జిమ్నాస్టిక్స్‌లో ఫ్లోర్ విన్యాసానికి, అంటే నేల మీద పల్టీలు, నాట్యం కలిపి చేసేదానికి, 90 సెకన్లు గరిష్ఠం, దాటితే 0.10 పాయింటు కోత. పురుషుల ఫ్లోర్‌కు సంగీతమే లేదు, అటు చూడకండి. రిబ్బను, బంతి లాంటివి పట్టుకుని ఆడే రిథమిక్ జిమ్నాస్టిక్స్‌లో ఒక్కరే ఆడితే 1:15 నుంచి 1:30, బృందమైతే 2:15 నుంచి 2:30. ఇక్కడ తక్కువైనా ఎక్కువైనా సెకనుకు 0.05 పోతుంది. మంచు మీది ఫిగర్ స్కేటింగ్‌లో సీనియర్లకు పోటీలో మొదటి భాగమైన షార్ట్ ప్రోగ్రామ్ 2:40, రెండోదైన ఫ్రీ స్కేటింగ్ 4:00, రెండింటికీ పది సెకన్లు అటూ ఇటూ వెసులుబాటు. అదీ దాటితే ప్రతి 5 సెకన్లకూ ఒక పాయింటు కోత. 2018 దాకా పురుషుల ఫ్రీ స్కేటింగ్ 4:30 ఉండేది. పాత వీడియోలు చూసి కొలత తీసుకుంటే ఇక్కడే దెబ్బ తింటారు. నీటిలో ఆడే ఆర్టిస్టిక్ స్విమ్మింగ్‌కూ సంగీతం కావాలి, అది మన వైపు నుంచి చేరుకోవడం ఇప్పట్లో కష్టం.

మాటల విషయంలో ఒక్కో ఆటది ఒక్కో దారి. స్కేటింగ్ సింగిల్స్, పెయిర్స్‌లో మాటలున్న పాటలను 2014–15 సీజన్ నుంచి ఒప్పుకున్నారు. రిథమిక్‌లో 2013 నుంచి మాటలకు చోటు దొరికింది. మహిళల ఫ్లోర్‌లో మాత్రం మాట వినిపించకూడదు. గొంతును వాద్యంలా వాడవచ్చు గానీ, మాటలుంటే పూర్తిగా 1.00 పోతుంది. ఫైనల్లో పదో వంతు తేడాతో పతకాలు తారుమారవుతాయి. అలాంటి చోట ఒక పాయింటు అంటే మీ పాటే ఆమెను ఓడించినట్టు. ఇక్కడ మన సంగీతానికి ఓ చిక్కుంది. “తక తకిట తక జణు” జతులు మాటలు కావు, మనకు తెలుసు. వేరే దేశం జడ్జి చెవికి అవి మాటల్లా తోచవచ్చు. స్వరాలు పాడినా అంతే. పోటీ మధ్యలో వాదించే వీలుండదు కనుక ఫ్లోర్ కోసం రాసేటప్పుడు గొంతును అకారం, హమ్మింగ్ దాటనివ్వకండి. జతుల మోజు ఉంటే స్కేటింగ్‌కు దాచుకోండి. “గోవిందా” లాంటి కేక ఒక్కటైనా మిగలకుండా చూసుకోండి. ఊరేగింపులో రికార్డు చేసిన డప్పు వెనుక ఎవరో అరిచిన అరుపు చెవికి ఆనదు, హాల్లో పెద్ద స్పీకర్లలో ఆనుతుంది.

మీరు మొదలెట్టాల్సింది ఫ్లోర్‌తోనే అని మా అభిప్రాయం. నిడివి చిన్నది, లెక్క కచ్చితం, వాద్య సంగీతమే కావాలి. ఒక ట్రాకు కట్టేద్దాం.

వేగం నిమిషానికి 128 దెబ్బలు పెట్టుకోండి. కొరియోగ్రాఫర్లు ఎనిమిదేసి లెక్కన కొలుస్తారు, మన ఆదితాళం ఆవర్తనం లాగే. 128 దగ్గర ఒక ఎనిమిదికి 3.75 సెకన్లు, 24 ఎనిమిదులకు సరిగ్గా 90. కానీ 24 నింపకండి. 23 ఎనిమిదులు పెట్టండి, 86.25 సెకన్లు అవుతుంది. చివరి దెబ్బ మోగి ఆరడానికి ఇంకో సెకను. ఆ మిగులు ఎందుకంటే, కోచ్ రేపు ఒక అడుగు చేర్చమంటే చోటుండాలి.

ఆ 23ను ఇలా పంచండి. మొదటి ఎనిమిది నిలబడిన భంగిమ, తొలి కదలిక. 2, 3 మొదటి పల్టీల వరుస. కాళ్ళలో సత్తువ ఉన్నప్పుడే చాలామంది కష్టమైన వరుస ముందు వేసేస్తారు, కాబట్టి ట్రాకు నెమ్మదిగా మొదలై ఎప్పటికో రాజుకుంటే వాళ్ళకు పనికిరాదు. సినిమా నేపథ్య సంగీతానికి అలవాటు పడ్డవాళ్ళు అందరూ చేసే తప్పు ఇదే, అరనిమిషం ఆలాపన పెట్టి కూర్చుంటారు. 4 నుంచి 7 దాకా నాట్యం, గెంతులు. 8, 9 రెండో వరుస. 10 నుంచి 15 వరకు, అంటే 22.5 సెకన్లు, నెమ్మది భాగం: ఒంటికాలి మీద తిరగడం, నేల మీది కదలికలు. మీ సన్నాయి ఆలాపనకు ఇల్లు ఇదే. వేగం మార్చవద్దు, అదే 128 లెక్కలో సగం నడక వినిపించేలా రాయండి. కొరియోగ్రాఫర్ లెక్క తప్పదు, వినేవాడికి 64 లా ఉంటుంది. 16, 17 మూడో వరుస, 18 నుంచి 20 నాట్యం, 21, 22 ఆఖరి వరుస, 23 ముగింపు. నియమం ప్రకారం పల్టీల వరుసలు నాలుగుకు మించవు. మూడే వేసేవాళ్ళయితే 18 నుంచి 22 వరకు కలిపి ఒకే నాట్యభాగం అవుతుంది. అందుకే ఆ రెండు భాగాలనూ ఒకే వాద్యాలతో కట్టి ఉంచండి, అతుకు తెలియదు.

ఇప్పుడు అసలు కష్టం, పల్టీల దగ్గర. గాలిలో ఉన్న మనిషి తొందరపడలేదు, ఆగలేదు. ఈ రోజు పరుగు ఒక అడుగు పొడుగైతే దిగడం అర సెకను ఆలస్యమవుతుంది. మీ ఫైలు మాత్రం ఎవరి కోసమూ ఆగదు. కొత్తవాళ్ళు దిగే క్షణానికి సరిగ్గా ఓ పెద్ద “ఢాం” పెడతారు. ఇంట్లో వీడియో మీద అద్భుతంగా ఉంటుంది. పోటీలో ఆ ఢాం ఆమె ఇంకా గాలిలో ఉండగానే పడి, ఆలస్యాన్ని జడ్జీలకు వేలెత్తి చూపిస్తుంది. దానికి విరుగుడు: పరుగు మొదలయ్యే చోటి నుంచి డోలు ఉరుములా పెరుగుతూ సాగాలి, దిగే దగ్గర గుర్తు ఏదీ ఉండకూడదు, గట్టి దెబ్బ తర్వాతి ఎనిమిదిలో మొదటి లెక్కకు పడాలి. ఆమె దిగి, నిలదొక్కుకుని, చేయి ఎత్తేది ఆ దెబ్బకు. ముందు దిగినా వెనక దిగినా చేయి మాత్రం సరిగ్గా లేస్తుంది.

పల్టీలకు ముందు ఫ్లోర్ మూలలో ఊపిరి తీసుకునే రెండు సెకన్లలో సంగీతం ఖాళీగా ఉంటే అలసట కనిపిస్తుంది. అక్కడ ఎక్కువసేపు నిలబడిపోతే కళాత్మకత మార్కుల్లోనూ కోత ఉంది. చిన్న సన్నాయి పలుకు ఒకటి పెడితే ఆమె తలతిప్పో, భుజం కదిపో ఆ సమయం దాటేస్తుంది. ముగింపు మాత్రం రాజీ లేనిది. ఆఖరి భంగిమ ఆఖరి దెబ్బతో కలవకపోతే 0.10 పోతుంది. కాబట్టి చివరి నాలుగు లెక్కలు గుడ్డివాడికి కూడా అర్థమయ్యేలా, మన మేళాల్లో ముక్తాయింపు మూడుసార్లు వేసి సమం మీద పడేస్తారే, అలా రాయండి. ముక్తాయింపు ఈ ఆటకే పుట్టిందా అనిపిస్తుంది. మూడు ఆవృత్తుల్లో ముగింపు వచ్చేస్తోందని ఆడేవాళ్ళకు తెలుస్తుంది, తడబడి ఉంటే సర్దుకునే వ్యవధి దొరుకుతుంది. మెల్లగా మాయమైపోయే ముగింపులు ఇక్కడ చెల్లవు.

తాళం ఎంపికలో అత్యాశ వద్దు. మిశ్రచాపు ఏడు లెక్కలు మీకు పుట్టుకతో వచ్చి ఉండవచ్చు, ఎనిమిదికి అలవాటైన కోచ్ రెండో రోజే విసుక్కుంటుంది. కావాలంటే నెమ్మది భాగంలో నాలుగు ఆవర్తనాలు దాచండి, 28 లెక్కలు పోయాక ఇంకో నాలుగు వేసి 32కు తెచ్చేయండి. తిశ్రం, అంటే కోలాటం ఊపు, స్కేటింగ్‌కు బాగా కుదురుతుంది. మంచు మీద జారడంలో ఆ ఊగిసలాట ముందే ఉంది.

రికార్డింగు గురించి. మీ మేనమామ గారి సన్నాయిని కీబోర్డు శ్రుతికి లాగవద్దు, కీబోర్డునే సన్నాయి శ్రుతికి జరపండి. సాఫ్ట్‌వేర్‌లో సెంట్ల లెక్కన (సెంటు అంటే అర స్వరంలో వందో వంతు) మార్చుకోవచ్చు. ముందు ఒక నిమిషం షడ్జమం, పంచమం పట్టించి రికార్డు చేసి, ట్యూనర్‌లో చూసి, దానికి కీబోర్డు కలపండి. సన్నాయికి నోటి దగ్గర పెట్టే పీక కొత్తదైతే అరగంట వాయించాకే శ్రుతి నిలుస్తుంది. మైకును సన్నాయి చివర గంటలా విచ్చుకున్న మూతికి ఎదురుగా కాక పక్కగా, రెండు మూడు అడుగుల దూరంలో పెట్టండి. ఎదురుగా పెడితే చెవిని చీల్చే 2–4 కిలోహెర్ట్జ్ భాగమే నిండిపోతుంది. మిక్సింగులో అక్కడ 3 డెసిబెల్స్ తగ్గించినా సన్నాయి సన్నాయిలాగే ఉంటుంది.

స్టూడియో అద్దెకు తీసుకోలేకపోతే మీ ప్రాంతంలో దొరికే వస్తువే గదిని సరిచేస్తుంది. కోనసీమ కొబ్బరి పీచు పరుపులు నాలుగు గోడలకు ఆనించి, ఒకటి వాయించేవాళ్ళ వెనక నిలబెడితే ప్రతిధ్వని చాలావరకు చస్తుంది. ధాన్యం బస్తాలు పేర్చిన గది అయితే ఇంకా మేలు. వానాకాలం రాత్రుళ్ళు మాత్రం పెట్టుకోకండి, కప్పల బెకబెకలను ఏ సాఫ్ట్‌వేరూ పూర్తిగా తుడవలేదు. పైగా తేమకు డోలు, డప్పు చర్మాలు సడలి మొదటి టేకుకూ ఐదో టేకుకూ శ్రుతి మారిపోతుంది. డప్పును ప్రతి రెండు టేకులకోసారి సెగ చూపించాలి. సంక్రాంతి దాటాక ఎండలు ముదిరే లోపు రోజులు అన్నిటికీ అనువు.

ప్రతి వాద్యాన్నీ విడివిడి ట్రాకుగా ఉంచండి. కోతలు పడేది అక్కడ. డోలు దగ్గర ఎక్కడైనా కోయవచ్చు. సన్నాయిని ఊపిరి తీసుకునే చోట తప్ప కోయకూడదు. అందుకే వాయించేటప్పుడే మేనమామ గారితో ప్రతి రెండు ఎనిమిదులకూ ఒక శ్వాస విరామం పెట్టించండి. పెళ్ళిలో ఊపిరి బిగబట్టి సాగదీసే పనితనం ఇక్కడ మీకు శత్రువు.

మిక్సు హాలు కోసం చేయాలి, ఇయర్‌ఫోన్ల కోసం కాదు. ఇండోర్ స్టేడియంలో పైకప్పు ఎత్తు, గోడలు గట్టివి, ధ్వని తిరిగి తిరిగి వస్తుంది. మంచు రింకులో అయితే మరీను, 60 మీటర్ల పొడవు, 30 మీటర్ల వెడల్పు ఉన్న నున్నని నేల అది. మీరు అదనంగా రెవర్బ్, అంటే కృత్రిమ ప్రతిధ్వని, కలిపితే డోలు దెబ్బలన్నీ ఒకదానిమీద ఒకటి పడి బురదవుతాయి. రెవర్బ్ సగానికి తగ్గించండి, 40 హెర్ట్జ్ కింద ఉన్నది కోసేయండి, దెబ్బ అంచు వినిపించే మధ్య స్థాయిని నిలపండి. 30 మీటర్ల అవతలి స్పీకరు నుంచి శబ్దం రావడానికి దాదాపు 0.09 సెకను పడుతుంది. ఇద్దరు వాద్యకారులు చకచకా మార్చి మార్చి వేసే సూక్ష్మమైన పలుకులు అక్కడ ఎవరికీ చేరవు. చాలాచోట్ల రెండు చానళ్ళనూ కలిపి మోనోగా వినిపిస్తారు, కాబట్టి మిక్సును మోనోలో నొక్కి చూడండి. వెనకాల పొడుగ్గా సాగే కీబోర్డు ప్యాడ్ స్వరం మాయమైపోతే అది ఎడమ, కుడి చానళ్ళు కలిసినప్పుడు ఒకదాన్నొకటి కొట్టేసుకునే రకం, మార్చాలి. మొదలు మరీ మంద్రంగా ఉండకూడదు. నేల మీద నిలబడ్డ అమ్మాయికి మొదటి స్వరం వినిపించకపోతే తొలి కదలికే తప్పుతుంది.

ఒక్క ఫైలు ఇచ్చి ఊరుకోవద్దు. సాధనకు మూడు వేగాలు ఇవ్వండి: 90 శాతం అంటే 115.2, 95 శాతం అంటే 121.6, అసలు 128. పూర్తయిన ఆడియోను సాగదీయవద్దు, సన్నాయి వణుకుతుంది. కంప్యూటర్ వాద్యాలను ఆ వేగంలో మళ్ళీ రెండర్ చేసి సన్నాయి మాత్రం సాగదీయండి, సాధనకు అది చాలు. ఇంకొక ఫైలులో ఎడమ చెవికి “ఒకటి, రెండు” లెక్క, కుడి చెవికి సంగీతం పెట్టండి. దీనితో పాటు ఒక కాగితం: ఎన్నో ఎనిమిది, ఎన్నో సెకను, అక్కడ ఏం వినిపిస్తుంది. కోచ్‌లు ట్రాకును మరిచిపోతారేమో గానీ ఆ కాగితం ఇచ్చిన మనిషిని మరిచిపోరు.

ఇక ఎవరికి ఇవ్వాలి? ఒలింపిక్స్ అమ్మాయికి కాదు. రాజమండ్రి, కాకినాడ, విశాఖ, విజయవాడ దాకా చుట్టుపక్కల రిథమిక్, ఆర్టిస్టిక్ జిమ్నాస్టిక్స్ నేర్పే ఒక కోచ్‌ను, రోలర్ స్కేట్ల మీద ఆర్టిస్టిక్ స్కేటింగ్ నేర్పే మరొకరిని పట్టుకోండి. మన దేశంలో ఒలింపిక్ పరిమాణంలో ఇండోర్ మంచు రింకు అంటే డెహ్రాడూన్‌లో 2011 నాటి హిమాద్రి పేరే చెప్పుకోవాలి. చక్రాల స్కేటింగ్ మాత్రం తెలుగువాళ్ళకు చేతికందే ఆట. హైదరాబాద్ కుర్రాడు అనూప్ కుమార్ యామ 2010 గ్వాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో ఇందులోనే కాంస్యాలు తెచ్చాడు. రిథమిక్‌లో మేఘన రెడ్డి గుండ్లపల్లి 2018 గోల్డ్ కోస్ట్ కామన్వెల్త్ క్రీడల దాకా వెళ్ళింది. యోగాసనాన్ని కేంద్ర క్రీడా శాఖ 2020 డిసెంబరులో పోటీ క్రీడగా గుర్తించింది. దానిలో సంగీతంతో చేసే ఆర్టిస్టిక్, రిథమిక్ విభాగాలున్నాయి, మంచి ట్రాకుల కరువూ ఉంది. చాలామంది అక్కడ ఎక్కడో దొరికిన ధ్యాన సంగీతాన్ని మధ్యలో తెంపి వాడుతుంటారు. మీకు మొదటి అవకాశం యోగాసనంలోనే దొరుకుతుందని మా అంచనా.

ఆ కోచ్ దగ్గరికి ట్రాకుతో కాదు, ఖాళీ చేతులతో వెళ్ళండి. ఒక సాధన పూట కూర్చుని వాళ్ళ అనుమతితో పాత విన్యాసాన్ని ఫోన్‌లో తీసుకోండి. ఇంటికొచ్చి ఎన్నో సెకనులో పరుగు, ఎన్నో సెకనులో దిగడం, ఎక్కడ రొప్పడం అన్నీ రాసుకోండి. మూడు పూటలు అలా కొలిస్తే ఒకే వరుసకు రోజూ ఎంత తేడా వస్తుందో తెలుస్తుంది. మీరు వదలాల్సిన వెసులుబాటు అంతే. దాని మీద కట్టండి.

పై మెట్టుకు దారి అక్కడి నుంచి. ఫిగర్ స్కేటింగ్ సీజన్ జులై 1న మొదలవుతుంది. కొత్త ప్రోగ్రాములు వేసవి ముందు నుంచి వేసవి దాకా తయారవుతాయి. మీ ఉత్తరం మార్చి, ఏప్రిల్‌లలో చేరాలి. అక్టోబరులో చేరితే అది వచ్చే ఏడాది మాట. పంపేది డేవిడ్ విల్సన్, షే-లిన్ బోర్న్ లాంటి పెద్ద కొరియోగ్రాఫర్లకే కానక్కర్లేదు. జూనియర్లతో పనిచేసే వాళ్ళకు బడ్జెట్ తక్కువ, కొత్తదనం మీద ఆకలి ఎక్కువ. మన సంగీతం అక్కడ చెల్లుతుందా అన్న అనుమానం వద్దు. 2010 వాంకోవర్ ఒలింపిక్స్ ఐస్ డాన్స్‌లో అమెరికాకు చెందిన మెరిల్ డేవిస్, చార్లీ వైట్ జంట హిందీ సినిమా పాటల మీద చేసిన జానపద నృత్యంతో అందరినీ తలతిప్పి చూసేలా చేసి, రజతం గెలిచింది. 2006 టొరినో ఒలింపిక్స్‌లో స్వర్ణం నెగ్గిన రష్యా స్కేటర్ ఎవ్గెనీ ప్లుషెంకోకు వయొలిన్ విద్వాంసుడు ఎడ్విన్ మార్టన్ సంగీతం తోడుంది. ఆడేవాడి కోసం వాయించేవాడు ప్రత్యేకంగా పనిచేయడం వింతేమీ కాదు.

ఉత్తరం ఐదారు వాక్యాలు దాటకూడదు. రెండు లింకులు మాత్రమే: ఒకటి 90 సెకన్లది, ఒకటి నాలుగు నిమిషాలది. ఫైలు అటాచ్ చేయవద్దు. వేగం, నిడివి, వాద్యాలు, మాటలు లేవన్న సంగతి, హక్కులన్నీ మీవేనన్న మాట, కావాలంటే కొలతకు మార్చి ఇస్తానన్న మాట ఉండాలి. వీలైతే మన కోచ్ దగ్గరి పిల్లలు దానికి ఆడిన వీడియో, పెద్దవాళ్ళ అనుమతితో. మీ చిన్ననాటి కష్టాలు వద్దు.

“హక్కులన్నీ మీవే” అన్న ఒక్క ముక్క ఇప్పుడు బంగారం. 2022లో బీజింగ్ ఒలింపిక్స్ జరుగుతుండగానే అమెరికా స్కేటింగ్ జంట ఒకటి వాడిన సంగీతం మీద ఆ రికార్డింగు చేసినవాళ్ళు కోర్టుకెక్కారు. తమాషా ఏమిటంటే పాట ఎవరిదీ కాని పాత జానపదం. గొడవంతా దాన్ని వాయించి రికార్డు చేసిన రూపం మీద. మీకు ఇందులోనే రెండు పాఠాలున్నాయి. త్యాగరాజస్వామి 1847లో పోయారు, ఆయన కృతి మీద ఎవరికీ కాపీరైటు లేదు. మీరు వాయించుకోవచ్చు. ఎవరో విద్వాంసుడి రికార్డింగు నుంచి ముక్క తీసుకోకూడదు. పాత సినిమా పాట మాత్రం వేరు. మన చట్టంలో సంగీత కర్త చనిపోయిన ఏడాది తర్వాత 60 ఏళ్ళ దాకా రక్షణ ఉంది, మీరు మళ్ళీ వాయించినంత మాత్రాన అది మీది కాదు. గరగల డప్పు వరస, వీరనాట్యం నడక లాంటివి ఊరందరివి. దాన్ని వాయించి ఇచ్చిన మనిషికి మాత్రం ప్రదర్శకుడిగా చట్టంలో సొంత హక్కుంది. మేనమామ అయినా సరే, “ఈ రికార్డింగును ఈ పనులకు వాడుకోవడానికి ఒప్పుకుంటున్నాను, ఇంత తీసుకున్నాను” అని కాగితం మీద సంతకం పెట్టించండి. ఇంట్లోవాళ్ళ దగ్గర కాగితమేంటని మొహమాటపడితే, రేపు ట్రాకుకు పేరొచ్చిన రోజున అదే మనస్పర్థ అవుతుంది.

క్రీడాకారిణికి ఇచ్చే అనుమతి కూడా రాతపూర్వకంగా ఉండాలి. హక్కులు అమ్మేయవద్దు, వాడుకునే లైసెన్సు ఇవ్వండి. కాపీరైటు చట్టం 19వ సెక్షను ప్రకారం ఎంతకాలమో రాయకపోతే 5 ఏళ్ళు అనుకుంటారు, ఎక్కడెక్కడో రాయకపోతే భారతదేశం వరకే అనుకుంటారు. 30ఎ సెక్షను వల్ల లైసెన్సులకూ ఇది వర్తిస్తుంది. అంటే ప్రాంతం రాయని కాగితంతో అమ్మాయి విదేశీ పోటీకి వెళితే మీ అనుమతి సరిహద్దు దగ్గరే ఆగిపోతుంది. కాబట్టి “ప్రపంచమంతటా, రెండు సీజన్లు, సాధన, పోటీ, ప్రసారం, సోషల్ మీడియా వీడియోలు, నిడివి కోసం కత్తిరించుకునే వీలు, ఇతరులకూ ఇచ్చుకునే హక్కు నాకే” అని రాయండి. ఇంకో చోట జనం తరచూ కాలు జారుతారు: ట్రాకును యూట్యూబ్‌కూ ఇతర యాప్‌లకూ పంపే డిస్ట్రిబ్యూటర్ల దగ్గర కంటెంట్ ఐడీ (యూట్యూబ్‌లో మీ ట్రాకు ఎవరి వీడియోలో వినిపించినా పట్టేసే ఏర్పాటు) అనే గడికి టిక్కు పెట్టేస్తారు. తర్వాత ఆ అమ్మాయి తన విన్యాసం వీడియో పెట్టుకుంటే దాని మీద మీ పేరుతోనే క్లెయిమ్ పడుతుంది. కోచ్ మళ్ళీ మీ ముఖం చూడదు. ఆ టిక్కు తీసేయండి. కొన్న లూపులతో కట్టిన ట్రాకైతే ఆ గడి అసలు మీకు వర్తించదు.

డబ్బు సంగతి అడిగారు. పిల్లల పోటీలకు ఖర్చుల మేరకు అడగండి: రికార్డింగు, వాద్యకారుల కూలి. కోచ్ పది మందికి పది ట్రాకులు అడిగితే అప్పుడు పని ధర చెప్పండి, మళ్ళీ మళ్ళీ మార్పులకు వేరేగా. రెండు మార్పులు ధరలో కలిపి, మూడోదాని నుంచి లెక్క అని ముందే అనుకోవడం మంచిది. లేకపోతే “ఒక్క చిన్న మార్పు” అన్నవి ఇరవై అవుతాయి. సంగీత కర్తల తరఫున రాయల్టీ వసూలు చేసే ఐపీఆర్‌ఎస్‌లో సభ్యత్వం తీసుకుని ప్రతి ట్రాకునూ నమోదు చేయండి. విదేశంలో ప్రసారమైనప్పుడు అక్కడి సంఘాల ద్వారా వచ్చేది వస్తుంది. ప్రతి రికార్డింగునూ విడిగా గుర్తించే ఐఎస్‌ఆర్‌సీ కోడు కూడా తీసుకోండి. ఇవి మొదట్లో చేతి ఖర్చు లాంటివే, పెళ్ళిళ్ళ సీజను వదులుకోవద్దు.

పోటీ రోజుకు ఫైలు ఇలా ఇవ్వండి: 44.1 కిలోహెర్ట్జ్ 16 బిట్ వేవ్ ఒకటి, 320 కేబీపీఎస్ ఎంపీ3 ఒకటి, అత్యధిక స్థాయి −1 డెసిబెల్ దాటకుండా. మొదట్లో నిశ్శబ్దం పావు సెకను మించవద్దు, రిథమిక్‌లో మాత్రం సంగీతానికి ముందు ఒక సంకేత శబ్దం పెట్టుకోనిస్తారు. ఫైలు పేరులో ఆమె పేరు, విభాగం, నిడివి ఉండాలి. “ఫైనల్ న్యూ 3” అన్న పేరుతో పంపితే సౌండ్ బల్ల దగ్గర కుర్రాడు పాతది వేస్తాడు. రెండు పెన్‌డ్రైవులు, రెండు వేర్వేరు సంచుల్లో. పెన్‌డ్రైవులో ఆ ఒక్క ట్రాకే ఉండాలి. సాధన వేగాలు కూడా అందులోనే పెడితే ఏదో ఒక రోజు 95 శాతందే మోగుతుంది, 23 ఎనిమిదులు 90.8 సెకన్లవుతాయి, 0.10 పోతుంది.